ఎక్కడ ఆగాలో చెప్పే సున్నా

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మన వాళ్ళ పిల్లలు చాలామంది ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరారు. వాళ్ళకి సీ లాంగ్వేజ్ ఉంది. "మీరు ఐటీ విభాగంలోనే ఉన్నారు కదా సార్, పిల్లలకి పనికొచ్చేది ఏదైనా చెప్పండి, కానీ పెద్దవాళ్ళకి నిద్ర రాకూడదు" అని నిర్వాహకులు షరతు పెట్టారు. అందుకని సీ భాష మొత్తం జోలికి పోకుండా ఒక్క ప్రశ్న తీసుకున్నాను. కంప్యూటర్ మెమరీలో ఒక పేరో, ఒక నంబరో రాసి పెడితే, అది ఎక్కడితో అయిపోయిందో దానికి ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకి జవాబు కౌంటర్‌లో పనిచేసిన వాళ్ళకి సగం ముందే తెలుసు. చెక్కు రాసేటప్పుడు మనం "అయిదు వేల రూపాయలు" అని రాసి ఊరుకోం. చివర "మాత్రమే" అని రాస్తాం. మిగిలిన ఖాళీలో గీత గీస్తాం. ఖాతాదారు గీత గీయడం మరిచిపోతే మనమే పెన్ను ఇచ్చి గీయిస్తాం. నిజానికి "మాత్రమే" అన్న మాట మొత్తాన్ని పెంచదు, తగ్గించదు. అది ఉన్నా లేకపోయినా అయిదు వేలు అయిదు వేలే. కానీ రాత ఇక్కడితో అయిపోయిందని చెప్పేది అదొక్కటే. అది లేకపోతే దాని పక్కనున్న ఖాళీ జాగా ఎవరి చేతికైనా దొరికినట్టే.

సీ భాషలో ఈ "మాత్రమే" పనిని ఒక సున్నా చేస్తుంది. దాన్ని నల్ అంటారు. ప్రోగ్రాములో బ్యాక్‌స్లాష్ వేసి పక్కన సున్నా రాస్తారు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క సున్నా గురించే.

ముందు మెమరీ ఎలా ఉంటుందో చూద్దాం. ఖాతా తెరిచే ఫారంలో పేరు రాయడానికి వరసగా గళ్ళు ఉంటాయి కదా, గడికో అక్షరం రాస్తాం. మెమరీ కూడా అలాంటి గళ్ళ వరసే. ఒక్కో గడిని బైటు అంటారు. అందులో 0 నుంచి 255 దాకా ఏదో ఒక సంఖ్య ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలకీ, అంకెలకీ, చుక్కకీ, కామాకీ ఒక్కోదానికి ఒక్కో సంఖ్య కేటాయించారు. అయితే మన ఫారానికీ మెమరీకీ ఒక పెద్ద తేడా ఉంది. ఫారంలో రాయని గడి తెల్లగా ఉంటుంది. మెమరీలో తెల్ల గడి అన్నది లేదు. ప్రతి గడిలోనూ ఎప్పుడూ ఏదో ఒక సంఖ్య ఉండే తీరుతుంది. మీరు రాయకపోతే ఇంతకు ముందు ఎవరో రాసినది ఉంటుంది.

ఇప్పుడు హైదరాబాద్ జీపీవో పిన్ కోడ్ 500001 తీసుకోండి. ఆరు అంకెలు. దీన్ని సీ భాషలో స్ట్రింగ్‌గా దాచాలంటే ఎన్ని గళ్ళు కావాలి? ఆరు అనిపిస్తుంది. కావలసింది ఏడు. ఆరు అంకెలకి ఆరు, "అయిపోయింది" అని చెప్పే నల్‌కి ఒకటి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ 11 అక్షరాలు, దానికి 12 గళ్ళు. పాన్ నంబరు 10 అక్షరాలు, దానికి 11 గళ్ళు. పిల్లలూ, పరీక్షలో అడిగినా అడక్కపోయినా ఈ "ప్లస్ ఒకటి" గుర్తు పెట్టుకోండి. ఇంకో చిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆరు గళ్ళే ఇచ్చి అందులో 500001 పెట్టమన్నా సీ భాష నియమాల ప్రకారం అది తప్పు కాదు. ఆరు అంకెలూ పెట్టేసి, నల్‌కి చోటు లేదు కాబట్టి దాన్ని వదిలేస్తుంది. కంపైలర్ ఒక్క మాట కూడా అనకపోవచ్చు.

ఇక్కడ మీలో ఎవరికైనా ఒక సందేహం రావాలి. ఐఎఫ్‌ఎస్‌సీలో అయిదో అక్షరం ఎప్పుడూ సున్నాయే కదా. పిన్ కోడ్‌లో నాలుగు సున్నాలున్నాయి. మరి మొదటి సున్నా కనపడగానే కంప్యూటర్ ఆగిపోదా? ఆగదు. మనం కాగితం మీద రాసే అంకె సున్నాకి కేటాయించిన సంఖ్య 48. నల్ అంటే గడిలోని సంఖ్యే 0. పేరు ఒకటే గానీ మనుషులు వేరు. మొదటి సంవత్సరం పిల్లలు చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. బ్యాక్‌స్లాష్ ఉన్న సున్నాకి, లేని సున్నాకి మధ్య 48 మెట్ల దూరం ఉంది.

సరే, నల్ పెట్టాం. దాన్ని చూసేదెవరు? సీ భాషతో పాటు వచ్చే ఫంక్షన్లు. పొడవు చెప్పే స్ట్రింగ్ లెంగ్త్, ఒక చోటి నుంచి ఇంకో చోటికి రాసే స్ట్రింగ్ కాపీ, తెర మీద చూపించే ప్రింట్ఎఫ్. వీటికి మనం ఇచ్చేది మొదటి గడి చిరునామా ఒక్కటే. మొత్తం ఎన్ని గళ్ళున్నాయో వాటికి తెలియదు. అవి మొదటి గడి దగ్గర మొదలుపెట్టి, నల్ కనపడేదాకా ఒక్కో గడీ చూసుకుంటూ పోతాయి.

అమ్మమ్మ కథ చెప్తుంటే పిల్లవాడు ఊ కొడుతూ వింటాడు చూడండి, సరిగ్గా అదే. అమ్మమ్మ "కథ కంచికి, మనం ఇంటికి" అనేదాకా వాడు ఊ కొడుతూనే ఉంటాడు. ఆ మాట చెప్పకుండా అమ్మమ్మ నిద్రపోయిందనుకోండి. పక్క గదిలో తాతగారు ఫోనులో మాట్లాడే మాటలు వినపడతాయి. వాడు అదీ కథలో భాగమే అనుకుని ఊ కొడతాడు. వాడి తప్పు లేదు. కథ అయిపోయిందని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇది ఎంతవరకు వెళ్తుందో మన అంకెల్లోనే చూపిస్తాను. ఇది నేను కల్పించిన ఉదాహరణ. ఒక ప్రోగ్రాములో మొత్తాలు తీసుకోవడానికి పది గళ్ళ జాగా పెట్టారు. ఇలా తాత్కాలికంగా సమాచారం పెట్టుకునే జాగానే బఫర్ అంటారు. మొదట ఒక పెద్ద మొత్తం వచ్చింది: 98765432. ఎనిమిది గళ్ళలో ఎనిమిది అంకెలు, తొమ్మిదో గడిలో నల్. పని అయిపోయింది. తర్వాత ఇంకొకరి మొత్తం వచ్చింది: 4125. ప్రోగ్రాము అదే బఫర్‌లో మొదటి నాలుగు గళ్ళలో ఈ నాలుగు అంకెలు రాసింది, అయిదో గడిలో నల్ రాయలేదు. ఇప్పుడు చదివితే ఏమొస్తుంది? మొదటి నాలుగు కొత్తవి, తర్వాతి నాలుగు పాతవి, అప్పుడు పాత నల్. అంటే 41255432. నాలుగు వేల నూట పాతిక రూపాయలు నాలుగు కోట్ల పన్నెండు లక్షలు దాటింది. ఎవరూ మోసం చేయలేదు, ఏ యంత్రమూ చెడిపోలేదు. చెక్కు మీద "మాత్రమే" రాయలేదు, అంతే.

మొత్తం బదులు పేరనుకోండి, చిరునామా అనుకోండి. ఒక ఖాతాదారు వివరాల వెనక ఇంకో ఖాతాదారు వివరాల తోక వేలాడుతూ బయటికి వస్తుంది. మొత్తం తప్పితే లెక్క సరిచేయొచ్చు. ఒకరి సమాచారం ఇంకొకరి కంట పడితే దాన్ని వెనక్కి తీసుకోలేం. బ్యాంకు ఉద్యోగికి ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు.

"మరి పరీక్షించినప్పుడు బయటపడదా సార్?" అని అడుగుతారు. చాలాసార్లు బయటపడదు. ప్రోగ్రాము మొదలైనప్పుడు ఆ జాగాలో అదృష్టవశాత్తు సున్నాలే ఉండొచ్చు. అప్పుడు మీరు నల్ రాయకపోయినా పక్క గడిలో ఉన్న సున్నాయే నల్‌లా పనిచేస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో పది సార్లు నడిపినా సరైన జవాబే వస్తుంది. అదే ప్రోగ్రాము రోజంతా వేల లావాదేవీలు చేసే చోట పెడితే, గళ్ళన్నీ పాత రాతలతో నిండిపోయి, ఏ మధ్యాహ్నమో తేడా వస్తుంది. మళ్ళీ నడిపి చూస్తే బాగానే ఉంటుంది. ఇలాంటి తప్పుల్ని పట్టుకోవడం కష్టం కావడానికి కారణం ఇదే. ఫలితం సరిగ్గా వచ్చినంత మాత్రాన ప్రోగ్రాము సరైనదని కాదు.

మన లాకర్ పద్ధతితో పోల్చి చూడండి. ఖాతాదారు లాకర్ వదులుకుంటే మనం ఏం చేస్తాం? ఖాళీ చేయించి, లోపల ఏమీ మిగల్లేదని చూసుకుని, తాళం చెవి తీసుకుంటాం. మెమరీలో ఆ పద్ధతి లేదు. సీ భాషలో తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వడానికి ఫ్రీ అనే ఫంక్షన్ ఉంది. అది తాళం చెవి తిరిగి ఇస్తుంది, అంతే. లోపలున్నదాన్ని తుడవాలన్న నియమం దానికి లేదు. తర్వాత ఆ జాగా ఎవరికి దక్కితే వాళ్ళకి పాత సామాను కూడా దొరకవచ్చు.

ఇప్పటిదాకా చెప్పింది హద్దు దాటి చదవడం గురించి. హద్దు దాటి రాయడం ఇంకా ప్రమాదం. స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ మూలంలో నల్ కనపడేదాకా రాస్తూనే పోతుంది. గమ్యంలో పది గళ్ళే ఉన్నా, వచ్చినది ముప్ఫై అక్షరాలైతే మిగతా ఇరవైనీ, వాటి వెనక నల్‌నీ పక్కవాళ్ళ గళ్ళలో రాసేస్తుంది. ఆ పక్క గళ్ళలో ఏముంటుంది? ఇంకో లెక్క ఉండొచ్చు. లేదా "ఈ పని అయ్యాక ప్రోగ్రాము ఎక్కడికి తిరిగి వెళ్ళాలి" అనే చిరునామా ఉండొచ్చు. ఆ చిరునామా మీద ఎవరైనా కావాలనే తమకి నచ్చినది రాయించగలిగితే, ప్రోగ్రాము వాళ్ళు చెప్పిన చోటికి వెళ్తుంది. అప్పుడు కంప్యూటర్ మీదే అయినా పెత్తనం వాళ్ళదవుతుంది.

ఇది పుస్తకాల్లో భయపెట్టడానికి రాసింది కాదు. 1988 నవంబరు 2న అమెరికాలో జరిగింది. అప్పటికి ఇంటర్నెట్ అంటే ఎక్కువగా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు వాడుకునేదే. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకే ప్రోగ్రామును వదిలాడు. అది పాకిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే చిన్న సేవ. ఎవరి గురించి అడుగుతున్నారో ఆ పేరు తీసుకోవడానికి ఆ సేవలో 512 బైట్ల బఫర్ పెట్టారు. చదవడానికి గెట్స్ అనే ఫంక్షన్ వాడారు. గెట్స్‌కి బఫర్ ఎంతో చెప్పే వీలే లేదు. లైను అయిపోయేదాకా వచ్చినదంతా రాసుకుంటూ పోతుంది. మోరిస్ ప్రోగ్రాము 536 బైట్లు పంపింది. ఎక్కువైనవి 24 బైట్లు. ఆ కాస్తతోనే అది అవతలి యంత్రాన్ని చేజిక్కించుకుంది. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉన్నవి 60,000 కంప్యూటర్ల దాకా అనుకుంటే, సుమారు 6,000 దీని బారిన పడ్డాయని అప్పటి అంచనా. మోరిస్‌కి 1990లో మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి. ఇలాంటి ఉపద్రవాలప్పుడు అందరినీ కూడగట్టడానికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ అనే కేంద్రం ఏర్పడింది. గెట్స్ ఫంక్షన్‌ని మాత్రం సీ భాష ప్రమాణం నుంచి పూర్తిగా తీసేసింది 2011లో. మధ్యలో 23 ఏళ్ళు. ఇప్పటికీ కొన్ని ల్యాబ్ రికార్డుల్లో గెట్స్ కనపడుతూనే ఉంటుంది. పిల్లలూ, మీ రికార్డులో ఉంటే మీ సారుని మర్యాదగా అడగండి.

మరి ఇంత తలనొప్పి ఎందుకు పెట్టారు? పెట్టినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు. సీ భాషని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1970ల మొదట్లో తయారుచేశారు. దానికి తాతలాంటి బీసీపీఎల్ అనే భాషలో, స్ట్రింగ్ మొదట్లోనే ఎన్ని అక్షరాలో రాసేవారు. ఆ సంఖ్యకి ఇచ్చిన చోటు చాలా చిన్నది కాబట్టి స్ట్రింగ్ పొడవుకి హద్దు ఉండేది. పైగా రాత మారినప్పుడల్లా ఆ లెక్క సరిచూసుకుంటూ ఉండడం కంటే చివర ఒక గుర్తు పెట్టడమే సులువని వాళ్ళ అనుభవంలో తేలింది. కెన్ థాంప్సన్ తయారుచేసిన బీ భాషలో అలాగే చివరి గుర్తు పెట్టారు. సీ కూడా అదే దారి పట్టింది. అప్పటి యంత్రాల్లో మెమరీ చాలా తక్కువ, వాడేవాళ్ళు ఒకే గదిలో కూర్చునే నలుగురైదుగురు. వీధి తలుపు వేయని పల్లెటూళ్ళో ఇల్లు కట్టినట్టు కట్టారు. తర్వాత ఆ ఊరు మహానగరమైంది.

ఇక్కడ ముందు వరసలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. "అంకుల్, చివర గుర్తు పెట్టే బదులు పొడవు ముందే రాసుకుంటే సరిపోతుంది కదా?" అని. చాలా మంచి ప్రశ్నమ్మా. బ్యాంకుల్లో అలా రాసేవి కూడా ఉన్నాయి. మీరు ఏటీఎంలో కార్డు పెట్టినప్పుడు యంత్రానికీ బ్యాంకుకీ మధ్య నడిచే సందేశాలకి ఐఎస్ఓ 8583 అనే ప్రమాణం ఉంది. అందులో కార్డు నంబరు ముందు రెండంకెల్లో దాని పొడవు ఉంటుంది. మొత్తానికి ఎప్పుడూ 12 అంకెల చోటు. దుకాణం పేరుకీ, ఊరికీ కలిపి 40 అక్షరాల చోటు, సరిపోకపోతే కోత, మిగిలితే ఖాళీలు. అంటే ముగింపు చెప్పడానికి మూడు పద్ధతులు. చివర గుర్తు పెట్టడం, ముందు లెక్క చెప్పడం, ఇన్నే గళ్ళని ఖాయం చేయడం. చెక్కు మీద మనం మూడూ కలిపి వాడుతున్నాం చూడండి. అక్షరాల చివర "మాత్రమే", అంకెల్లో మొత్తం, అంకెలకి ఒక గడి.

కానీ ముందు లెక్క చెప్పే పద్ధతిలో ఒక చిక్కుంది. ఆ లెక్క చెప్పేది ఎవరు? అవతలివాడు చెప్పిన లెక్కని సరిచూడకుండా నమ్మితే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో ప్రపంచం చూసింది. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనేది వెబ్‌సైట్లకి రహస్య సంభాషణ కల్పించే సాఫ్ట్‌వేర్, సీ భాషలో రాసినదే. అందులో "నువ్వు ఉన్నావా? ఉంటే నేను పంపిన ఈ మాట తిరిగి పంపు" అని అడిగే సౌకర్యం ఉంది. మాటతో పాటు దాని పొడవూ పంపాలి. ఒక్క అక్షరం పంపి పొడవు 64 కిలోబైట్లకి దగ్గరగా రాస్తే, సర్వర్ తనిఖీ చేయకుండా ఆ ఒక్క అక్షరాన్నీ, దాని పక్కనున్న వేల గళ్ళనీ కలిపి పంపేసేది. ఆ గళ్ళలో అంతకు ముందు వచ్చినవాళ్ళ పాస్‌వర్డులు ఉండొచ్చు, సర్వర్ రహస్య తాళాలు ఉండొచ్చు. దీనికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. రెండేళ్ళపాటు ఎవరూ గమనించలేదు. కెనడా పన్నుల శాఖ నుంచి సుమారు 900 మంది సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు పోయాయని ఆ శాఖే ప్రకటించింది.

క్యాషియర్ ఎవరైనా స్లిప్ మీద రాసిన మొత్తాన్ని చూసి, నోట్లు లెక్కపెట్టకుండా జమ చేస్తారా? స్లిప్ ఖాతాదారుది, లెక్క మనది. హార్ట్‌బ్లీడ్‌లో స్లిప్‌ని నమ్మారు, నోట్లు లెక్కపెట్టలేదు. కాబట్టి ఏ పద్ధతైనా, హద్దు ఎక్కడుందో మన పక్షాన మనమే చూసుకోవాలి. బఫర్ మనది, దాని కొలత మనకి తెలుసు. వచ్చేది ఎంతో అవతలివాడి ఇష్టం.

ఇప్పుడు మన తెలుగు సంగతి. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క గడి చాలు. ఈ రోజు ఫోన్లలో, వెబ్‌సైట్లలో తెలుగు రాయడానికి ఎక్కువగా వాడే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు గళ్ళు పడతాయి. గుర్తంటే మనం బడిలో లెక్కపెట్టే అక్షరం కాదు. హల్లు ఒక గుర్తు, గుణింతం ఒక గుర్తు, ఒత్తు రావడానికి మధ్యలో ఉండే పొల్లు ఇంకో గుర్తు. "సీత" తీసుకోండి. స, దీర్ఘపు గుడి, త. మూడు గుర్తులు, తొమ్మిది గళ్ళు, నల్‌తో పది. "లక్ష్మి" తీసుకోండి. చూడటానికి రెండక్షరాలు. లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు గుర్తులు, 21 గళ్ళు, నల్‌తో 22.

పేరుకి 20 గళ్ళు చాలనుకున్న ప్రోగ్రాములో ఈ లక్ష్మిగారు చేరితే? హద్దు చూడని ప్రోగ్రాము అయితే పక్క గళ్ళ మీద రాస్తుంది. హద్దు చూసేదైతే నల్‌కి ఒకటి పోను 19 గళ్ళ దగ్గర కోస్తుంది. మొదటి 18 గళ్ళలో ఆరు గుర్తులు, అంటే "లక్ష్మ". 19వ గడిలో గుడి తాలూకు మూడో వంతు ముక్క. తెర మీద "లక్ష్మ" పక్కన ఒక డబ్బానో, ప్రశ్నార్థకమో కనపడుతుంది. మెమరీ ప్రకారం తప్పు లేదు, నల్ సరిగ్గానే ఉంది. కానీ ఖాతాదారు పేరు తప్పింది. మన భాషలో పేర్లు చూపించే ఏ పనిలోనైనా మనవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి. గళ్ళు మూడింతలకి పైగా ఉంచాలి, కోయాల్సి వస్తే గుర్తు మధ్యలో కోయకూడదు. ఒక మంచి సంగతి కూడా ఉంది. యూటీఎఫ్ 8ని 1992లో రూపొందించిన ఇద్దరిలో ఒకరు ఇందాక చెప్పిన కెన్ థాంప్సనే, రెండో వారు రాబ్ పైక్. ఏ భాష అక్షరం లోపలా నల్ సున్నా రాకుండా వాళ్ళు దాన్ని కూర్చారు. అందుకే తెలుగు మాటని కూడా సీ భాష ఫంక్షన్లు మధ్యలో ఆగకుండా చివరిదాకా చదవగలుగుతున్నాయి.

పిల్లలకి ఇప్పుడు కొన్ని పద్ధతులు చెప్తాను, నోట్ చేసుకోండి.

మొదటిది, జాగా అడిగేటప్పుడు అక్షరాల లెక్కకి ఒకటి కలపండి. మాలాక్‌తో మెమరీ తీసుకునేటప్పుడు స్ట్రింగ్ లెంగ్త్ ఇచ్చిన సంఖ్యనే వేస్తే ఒక గడి తక్కువే, ఎందుకంటే ఆ ఫంక్షన్ నల్‌ని లెక్కలో వేయదు.

రెండోది, బయటి నుంచి ఏది చదివినా ఎన్ని గళ్ళున్నాయో చెప్పి చదవండి. గెట్స్ బదులు ఎఫ్ గెట్స్ వాడండి. అది మీరిచ్చిన కొలతలో ఒకటి తగ్గించుకుని చదివి, నల్ తనే పెడుతుంది. లైను చివరి ఎంటర్ గుర్తుని కూడా లోపలికి తెస్తుంది, దాన్ని మీరే తీసేసుకోవాలి. స్కాన్ఎఫ్‌లో పదం చదివేటప్పుడు వెడల్పు చెప్పకపోతే అది కూడా గెట్స్‌కి చెల్లెలే.

మూడోది, స్ట్రింగ్ ఎన్ కాపీని చూసి మోసపోకండి. పేరులో "ఎన్" ఉంది కాబట్టి క్షేమం అనుకుంటారు. అది హద్దు దాటి రాయదు, నిజమే. కానీ మూలం పొడవు మీరిచ్చిన కొలతకి సమానంగానో ఎక్కువగానో ఉంటే చివర నల్ పెట్టదు. యూనిక్స్‌లో పాతకాలపు ఫైలు పేర్లకి 14 గళ్ళు ఖాయంగా ఉండేవి. అలాంటి చోట్లు నింపడానికి పుట్టిన ఫంక్షన్ అది. వాడితే చివరి గడిలో నల్ మీ చేత్తో మీరే రాయండి.

నాలుగోది, వీలైన చోట ఎస్ఎన్ ప్రింట్ఎఫ్ వాడండి. ఒక్క గడైనా ఇస్తే చాలు, నల్ తప్పకుండా పెడుతుంది. పైగా మొత్తం రాయడానికి ఎన్ని అక్షరాలు అవసరమయ్యేవో తిరిగి చెప్తుంది. అది మీ బఫర్ కొలతకి సమానమైనా, మించినా, ఏదో కోత పడిందని అర్థం. ఆ జవాబు చూడకుండా వదిలేయకండి.

అయిదోది, అంచుల్లో పరీక్షించండి. ఏమీ ఇవ్వకుండా ఒకసారి, సరిగ్గా నిండేలా ఒకసారి, ఒక్కటి ఎక్కువ ఇచ్చి ఒకసారి, తెలుగులో ఒకసారి. అడ్రస్ శానిటైజర్ అనే తనిఖీదారుని పెట్టుకుని కంపైల్ చేయండి. జీసీసీలో, క్లాంగ్‌లో ఉచితంగానే ఉంది. హద్దు దాటిన గడిని వేలు పెట్టి చూపిస్తుంది.

"ఇదంతా పాత భాష గొడవ, ఇప్పుడు జావా, పైథాన్ ఉన్నాయి కదా" అనేవాళ్ళకి ఒక మాట. అవును, ఆ భాషలు ప్రతి స్ట్రింగ్ పొడవునీ తమ దగ్గర ఉంచుకుంటాయి, హద్దు దాటితే ఆపుతాయి. రస్ట్ వంటి కొత్త భాషలు ఇంకా గట్టి కాపలా పెడతాయి. కానీ వాటి కింద ఉన్న లైనక్స్ సీ భాషలోనే ఉంది. మామూలుగా వాడే పైథాన్ కూడా సీలో రాసినదే. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. మేడ మీద ఏ రంగు వేసినా, పునాది సంగతి తెలిసినవాళ్ళు కొందరు ఎప్పుడూ ఉండాలి. వాళ్ళు మీలోంచి రావాలని నా కోరిక.

ఇక పెద్దవాళ్ళకి ఒక చివరి మాట. మన చట్టంలో, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్‌లో, అంకెలకీ అక్షరాలకీ తేడా వస్తే అక్షరాల్లో ఉన్న మొత్తాన్నే లెక్కలోకి తీసుకోవాలని ఉంది. అంటే "మాత్రమే"తో ముగిసే రాతకి అంత విలువ ఇచ్చారు. మనం రోజూ గీసే ఆ చిన్న గీత కాలక్షేపం కాదు. పక్క ఖాళీ నీది కాదని అవతలివాడికి చెప్పడం. మీ పిల్లలు రేపు రాసే ప్రోగ్రాముల్లో ఆ గీత గీయాల్సింది వాళ్ళే. కంప్యూటర్ తనంతట తాను గీయదు. ఎవరూ చూడని ఆ చివరి గడిలో సున్నా ఉందో లేదో చూసుకునే అలవాటు, సాయంత్రం క్యాష్ మూసే ముందు ఇంకోసారి లెక్కపెట్టే అలవాటు లాంటిదే. అది మీ ఇళ్ళల్లో ఉంది. పిల్లలు మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు.

ఎక్కడ ఆపాలో అని ఇంతసేపు చెప్పి నేనే ఆపకపోతే బాగుండదు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. కథ కంచికి, మనం వంటశాలకి.